నూనె, సబ్బు, నాలుక

మా అత్త నాకు చాలా చెప్పింది కానీ, నిలిచిపోయింది ఒక్క అలవాటే. అది ఎలా నేర్పిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు నా కూతురికి ఐదో నెల. ప్రత్తిపాడు దగ్గర కల్లంలో పొద్దస్తమానం ఎండుమిరప రాశి ముందు కూర్చుని, రంగు వెలిసిన తాలు కాయలు ఏరి ఇంటికొచ్చాను. పిల్ల ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. తొందరలో చేతులు ఊరికే నీళ్లతో కడిగి ఎత్తుకున్నాను, కళ్లు తుడిచాను. పిల్ల కెవ్వుమంది. ఇక కళ్లు తెరవలేదు.

అత్త పిల్లను లాక్కుని నీళ్లతో కళ్లు కడిగింది. ఏడుపు తగ్గాక నా దగ్గరకొచ్చింది. నా చెయ్యే పట్టుకుని నా కంట్లో రుద్దింది.

"ఓసి నీ మొహం మండా! ఇప్పుడు తెలిసిందా ఎట్టా ఉంటదో?"

నేను కిందపడి గిలగిలా కొట్టుకుంటుంటే పీట మీద కూర్చుని చూసింది.

మర్నాడు పెరట్లో పంపు దగ్గర నూనె సీసా, సబ్బు పెట్టింది. ముందు నూనె, తర్వాత సబ్బు, చివర్న వేళ్లు నాలుకకు ఆనించి చూడాలి. మంట తగిలితే మళ్లీ మొదటికి. "నాలిక్కి పెట్టావా?" అని వీధంతా వినేలా అరిచేది. పదహారేళ్లు అరిచింది.

ఈ ఏడు కాయ కోతలప్పుడు ఆవిడకు శుక్లం ఆపరేషన్ అయింది. కంట్లో చుక్కలు వేయడం నా పని. ఆ సాయంత్రం కల్లం నుంచి వచ్చి నేను గేటు తీస్తుంటే అత్త నా కూతురితో చెబుతోంది: "మీ అమ్మేగా నీ కళ్లు తీయబోయింది! నేనుండబట్టి బతికావు."

కూతురు నా వైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేకపోయాను. ఇవాళ కడగను, ఈ చేతులతోనే ఆ రెప్ప విప్పుతాను అనుకున్నాను. ఆవిడ కన్ను పోయినా సరే అనుకున్నాను. దాచడం దేనికి?

తీరా చూసుకుంటే పంపు దగ్గరున్నాను. చేతులకు నూనె, సబ్బు నురుగు. వేళ్లు నాలుక మీదున్నాయి. మంట లేదు. ఛీ, ఏం బతుకు అని ఏడుపొచ్చింది.

లోపలికెళ్లి చుక్కల మందు తీశాను. ఆవిడ నాలిక్కి పెట్టావా అని అడక్కుండానే మంచం మీద వెల్లకిలా పడుకుంది.

"అడగవేం అత్తా?"

"అడిగేదేముందే? ఆనాడు నీ కంట్లో ఆ మంట పెట్టబట్టేగా, ఇయ్యాల నా కన్ను నీ చేతిలో పెట్టి పడుకున్నా."

నవ్వింది. నేను రెప్ప విప్పి రెండు చుక్కలు వేశాను.