ఆగే ప్రొజెక్టరే కావాలన్న యాదగిరి

1988. వెంగళరావు నగర్‌లో నాకు ప్రొజెక్టర్లు అద్దెకిచ్చే దుకాణం ఉండేది. వీడియో వచ్చి మా వ్యాపారాన్ని సగం మింగేసినా, జూబ్లీ హిల్స్ బంగళాల్లో పుట్టినరోజులకీ పెళ్లిరోజులకీ లాన్‌లో తెర కట్టి సినిమా వేయించుకునే సరదా ఇంకా పోలేదు. థియేటర్లో నడిచేది ముప్పై అయిదు ఎం.ఎం. ఫిల్ము. మాది అందులో సగం వెడల్పు కూడా లేని పదహారు ఎం.ఎం. మిషన్‌కి పెట్టెలా మూత బిగిస్తే కారు డిక్కీలో పట్టేస్తుంది. వచ్చినవాళ్లంతా రెండే అడిగేవారు: బొమ్మ ఎంత పెద్దగా పడుతుంది, సౌండ్ ఎంత దూరం వినిపిస్తుంది. నేనూ గుక్కతిప్పుకోకుండా చెప్పేవాణ్ణి.

యాదగిరి మాత్రం వేరే అడిగాడు.

"అన్నా, నడుస్తుండంగ బొమ్మను ఆపే మిషన్ ఉన్నదా?"

అతను ఫిల్మ్ నగర్ బస్తీలో ఉండే ఫైటర్. డూప్‌గా చేసేవాడు. అంటే దెబ్బ తగిలే చోట హీరోకి బదులు దూకేదీ, పడేదీ అతనే. కొత్తగా పెళ్లయింది. అత్తగారు బాలమణమ్మకు పక్క వీధిలోనే పిండి గిర్ని ఉంది. సినిమాల్లో చేసే అల్లుడని ముచ్చటపడి పిల్లనిచ్చింది. తీరా అతను చేశానన్న సినిమాలకు వెళితే ఎక్కడా మొహమే కనబడలేదు.

"అబద్ధాలాడుతున్ననంటున్నది అన్నా. సినిమాలు బంద్ జేసి గిర్నీల కూసొమ్మంటున్నది. ఒక సినిమాల మేడ మీదికెళ్లి దుంకిన. ఆ దుంకుడు కాడ ఆపి, గిది నేనే అని చూపియ్యాలె. వీడియోల ఆపితే అన్నీ గీతలే వస్తున్నయ్. అత్తమ్మ నమ్మకుంటే రేపట్నుంచి పిండి పట్టుడే నా పని."

నా దగ్గర రెండు రకాల మిషన్లుండేవి. ఒకదానికి బల్బు పెద్దది. ఆరుబయటికి అదే మేలు. కానీ ఆపితే ఆ వేడికి ఫిల్ము కాలిపోతుంది. రెండోదానికి స్టిల్, రివర్స్ మీటలున్నాయి. స్టిల్ నొక్కితే వేడి తగలకుండా బల్బుకు అడ్డంగా ఓ జల్లెడ పడుతుంది. ఫిల్ము బతుకుతుంది గానీ బొమ్మ మసకబారుతుంది.

"ఆరుబయట వేసుకునేవాడివి, వెలుగున్నది తీసుకోవయ్యా," అన్నాను.

"వెలుగుతోటి నేనేం జేసుకోవాలె? నాకు ఆగాలె."

మొండిఘటం. గొణుక్కుంటూ రెండోదీ, అతను చెప్పిన సినిమా రీళ్లూ కారులో పెట్టుకుని వాళ్ల బస్తీకి వెళ్లాను.

రెండు బండరాళ్ల మధ్య తెల్ల దుప్పటి కట్టారు. చీకటి పడేసరికి బస్తీ అంతా చేరింది. ముందు చాప మీద బాలమణమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది. హీరో మేడ అంచుకి పరుగెత్తాడు, దూకాడు. స్టిల్ నొక్కాను. మసక మసకగా గాల్లో ఒక ఎర్ర చొక్కా వీపు.

"గిది నేనే అత్తమ్మా!"

"ఎవని వీపో ఏం దెలుస్తది? చొక్కా అయితే హీరోదే."

యాదగిరి మొహం మాడిపోయింది. నాకు చాలా జాలేసింది. ఇక చేసేదేముందని మిషన్ కదిలించాను. ఎర్ర చొక్కా దుమ్ములో పడింది, దొర్లింది, లేచింది. ఎడమచెయ్యి నేలకానించి, కుడిచేత్తో వెనక దులుపుకుంటూ, ఓసారి నడుం విరుచుకుని.

బాలమణమ్మ గబుక్కున లేచి నిలబడింది. "అయ్యో, గీ లేచుడు మా అల్లునిదే! మా ఇంట్ల బువ్వ తిన్నంక గిట్లనే లేస్తడు!"

బస్తీ ఈలలతో దద్దరిల్లింది. యాదగిరి గంతేశాడు. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

"గంత మీదికెళ్లి దుంకినవా బిడ్డా? నడుం ఇరిగితే నా పిల్ల గతేంది? ఒద్దు. రేపే గిర్నీకి రా."

నమ్మించడానికి వేయించుకున్న సినిమా కాస్తా ఇలా ఎదురు తిరిగింది. యాదగిరి దిక్కుతోచక నా వైపు చూశాడు. నాకూ ఏమీ తోచక రివర్స్ నొక్కాను. నేల మీద మనిషి దొర్లి, వీపు ముందుగా గాల్లోకి లేచి, రివ్వున మేడెక్కాడు. జనం పడీపడీ నవ్వారు. కొంగు చాటున ఆవిడా నవ్వింది. అతని కాళ్లు మేడ అంచున ఆనగానే ఒక్క కేక పెట్టింది.

"ఆపు! గాడనే ఆపు! మళ్ల దుంకనియ్యకు!"

స్టిల్ నొక్కాను. మసక బొమ్మే. ఆవిడ మాత్రం తృప్తిగా, తీరిగ్గా చూసుకుంది. అల్లుడు పైన క్షేమంగా నిలబడి ఉన్నాడు. ఆవిడ కుదుటపడేదాకా నేను మీట మీంచి వేలు తియ్యలేదు.

"సరే, దుంకు," అంది చివరికి. "గని నువ్వు పడే కాడ ఏసే పరుపులు నేను చూసినంకనే."

అన్నంత పనీ చేసిందట. షూటింగుకి వెళ్లి, పరుపులు కాలితో తొక్కి చూసి, ఇంకోటి వేయించిందని యాదగిరే వచ్చి నవ్వుతూ చెప్పాడు.

అప్పట్నుంచి దుకాణానికి ఎవరొచ్చినా బల్బు గొప్పలు చెప్పడం మానేశాను. ముందు, "ఎవరికి చూపించాలండీ?" అని అడిగేవాణ్ణి.