పటిక పట్టని ఎరుపు

నా మాటల్లో సగం కోతలేనని పెడనలో చంటిపిల్లలక్కూడా తెలుసు. మంగినపూడి ఒడ్డున ఒక పీత నా ఎడమకాలి చెప్పు తొడుక్కుపోయిందనీ, సైజు సరిపోవడంతో మర్నాడు కుడికాలిది అడగడానికి వచ్చిందనీ చెప్పినవాణ్ణి నేను. విన్నవాళ్ళు నవ్వి వదిలేశారు. ఒకే ఒక్క అబద్ధాన్ని మాత్రం ఒకాయన నిజంగా నమ్మాడు. ఈ వేసవంతా నన్ను నమిలింది అదే.

మా షెడ్డులో బట్టల మీద అచ్చులు వేస్తాం. మా నాన్న చెట్ల రంగులు వాడేవాడు. నావి డబ్బాల్లో వచ్చే కెమికల్ రంగులు. బట్టలు ఉతికిన నీళ్ళు తిన్నగా మురుగుకాలువలోకి వదిలేవాణ్ణి. కాలువ రోజుకొక రంగులో పారేది. కింద చేపల చెరువులవాళ్ళు గొడవకొచ్చాక సిమెంటు తొట్టి కట్టించాను. అందులో రంగునీళ్ళు పట్టి, సున్నం, పటిక కలిపి తిప్పితే రంగు విరిగిన పాలలా తరకలు కట్టి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళు వదిలి, అడుగు బురద విడిగా ఎత్తిపెట్టాలి. చెప్పడానికి ఇంతే.

నన్ను మా పని అలవాటే ముంచింది. మాకు పటిక అంటే రంగును గుడ్డకు పట్టించేది. ఎరుపు నిలవకపోతే ఇంకాస్త పటిక వెయ్యమనే మాట చిన్నప్పట్నుంచీ విన్నాను. తొట్టిలో ఎరుపు దిగకపోతే అదే చేశాను. గుప్పెడు, దోసెడు, చివరికి బుట్టెడు. నీళ్ళు పుల్లబడ్డాయి గానీ ఎరుపు కదల్లేదు. కొలత దాటితే పటిక ఆ పని చెయ్యదనీ, నీళ్ళ పులుపు చూసుకుంటూ సున్నం సరిచెయ్యాలనీ, కొన్ని రంగులు పటికకు అసలు లొంగవనీ బందరులో కెమిస్ట్రీ మాస్టారొకాయన తర్వాతెప్పుడో చెప్పారు. అడగాల్సింది ముందు కదా!

సరిగ్గా అప్పుడే చెరువు బావ తొట్టి చూడ్డానికి వస్తున్నాడని ఫోనొచ్చింది. చుట్టం కాదు, ఒకరినొకరం బావా అని పిలుచుకుంటాం; మా కాలువ కింద చెరువు ఉన్న రైతు, అంతే. గాభరాలో బ్లీచింగ్ పౌడరు సంచి విప్పి తొట్టిలో కుమ్మరించాను. ఆయన వచ్చేసరికి నీళ్ళు తేటగా మెరుస్తున్నాయి. షెడ్డునిండా రంగుల కంపు కాబట్టి ఆ ఘాటు ఆయనకు అందలేదు.

“ఏం మాయ చేశావు బావా!”

“పటిక మహిమ. తాగొచ్చు కూడా.”

“కొయ్యకు.”

గ్లాసు ముంచుకొస్తానని తొట్టి వెనక్కి వెళ్ళి, అక్కడి కూజాలోంచి మంచినీళ్ళు నింపుకొచ్చి ఆయన ముందే గటగటా తాగేశాను. మూతి కూడా తుడుచుకున్నాను. ఆయన నోరెళ్ళబెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాటినుంచీ పటిక జోలికి పోలేదు. రోజూ బ్లీచింగే.

తర్వాత ఓ సాయంత్రం మళ్ళీ ఫోను.

“బావా, పంటకాలువలకు నీళ్ళు కట్టేశారుగా. చెరువులో నీళ్ళు మోకాల్లోతుకొచ్చాయి, చేపలు అల్లాడుతున్నాయి. రేపు పొద్దున్నే మీ కాలువకు ఇంజను పెట్టి చెరువులోకి తోడుతున్నా. నువ్వు తాగిన నీళ్ళేగా!”

ఊఁ అని పెట్టేశాను. అన్నం దగ్గర జరిగిందంతా మా ఆవిడకు చెప్పాను. చేపపిల్ల వెయ్యకముందు, చెరువులో ఉన్న పురుగూ పుట్రా చావాలని ఆ రైతులు చల్లేదీ ఈ పౌడరే. పిల్ల పెరుగుతుండగా అది నీళ్ళలో కలిస్తే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

“మీరు తాగింది కూజా నీళ్ళని ఆయనకి చెప్పారా అండీ?” అంది మా ఆవిడ.

తెల్లారగానే బండేసుకుని వెళ్ళాను. ఆయన గట్టుమీద ఇంజను హ్యాండిలు తిప్పడానికి వంగి ఉన్నాడు.

“బావా, వెయ్యకు. ఆ నీళ్ళలో బ్లీచింగ్ ఉంది.”

ఆయన నడుం ఎత్తకుండానే నవ్వాడు. “ఎవరు చెప్పారు, పీతా?”

“ఒట్టు బావా, నిజం.”

“నా కళ్ళముందు తాగావు కదయ్యా. ఇవాళ కొత్త కథా?” పక్కనున్న మగ్గుతో కాలువనీళ్ళు ముంచి నా చేతిలో పెట్టాడు. “తాగు మరి.”

మూతి దాకా తెచ్చాను. ఘాటు ముక్కుకు కొట్టింది. మగ్గు గట్టుమీద పెట్టేశాను.

“ఆ రోజు తాగినవి కూజా నీళ్ళు బావా.”

ఆయన మగ్గు తీసుకుని వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. హ్యాండిలు ఇంజనులోంచి లాగి నేలమీద పడేశాడు.

“నిన్న నీకు ఫోను చేశాక, పొద్దుటిదాకా ఆగలేక ఓ గంట తోడాను,” అన్నాడు.

ఇద్దరం చెరువు వైపు చూశాం. తూము దగ్గర చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళు తగ్గినందుకో, నా పౌడరుకో అప్పుడే చెప్పలేం.

“ఎన్నాళ్ళు కలిపావు?”

“ఎనిమిది రోజులు.”

ఆయన మగ్గులో నీళ్ళు గట్టుమీద పారబోసి నావైపు తిరిగాడు.

“లెక్కపెట్టి చెప్తున్నావా, కథ చెప్తున్నావా?”