తలుపు తీయని మూడు గంటలు

ఇవాళ నా పరిశోధనే నన్ను బంధించింది. నేను పరీక్షించేది ఇనుప రజను కలిపిన నూనె. అయస్కాంతం దగ్గర గట్టిపడుతుంది, కాస్త వేడి తగిలితే పలచబడుతుంది. బయట ఢిల్లీ జూన్ ఎండ. అందుకని ల్యాబ్‌లో ఏసీ వేసి, రీడింగ్ అయ్యేదాకా తలుపు తీయొద్దని కాగితం అంటించాను. రీడింగ్ మొదలయ్యేలోపే మా డిపార్ట్‌మెంట్ ఆఫీసు సెక్షన్‌లో పనిచేసే తెలుగు అంకుల్ చల్లగా ఉంటుందని లోపలికొచ్చి కూర్చున్నారు. మొదలెట్టింది నా పెళ్లి గురించి.

గంటయ్యాక ఉండబట్టలేక, "సెక్షన్‌లో పని లేదా అంకుల్?" అన్నాను.

"వెళ్లేవాణ్ణే బాబూ. ఇప్పుడు తలుపు తీస్తే నీ రీడింగ్ పాడవదూ?"

మూడు గంటలు! ఆయన మరదలి కూతురి నక్షత్రం కూడా తెలిసింది.

తలుపు అసలు తెరుచుకోలేదు కదా, నాలుగేళ్లలో ఇంత చక్కటి గ్రాఫ్ రాలేదు. గైడ్ మురిసిపోయి, రేపూ ఇలాగే చేయమన్నారు. అంకుల్ రేపు ఆ అమ్మాయి ఫొటో తెస్తారట. ఏసీ బాగుండాలని మొక్కుకోనా, చెడిపోవాలని మొక్కుకోనా? మీరే చెప్పండి.