నేను వద్దన్న ఫ్రీక్వెన్సీ

జర్మనీలోని ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్లో నా ఉద్యోగం రేడియో పరికరాల టెస్టింగ్. ఆదివారాలు మాత్రం పాత మిలిటరీ జీపులు, లారీలు బాగుచేసి నడుపుకునే ఒక క్లబ్‌లో గడుస్తాయి. సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్లకి ఇచ్చే హామ్ రేడియో లైసెన్స్ అక్కడ ఉన్నది నా ఒక్కడికే. ఆ పరీక్ష జర్మన్‌లో రాసి పాసయ్యాను. అందుకే వేసవి ర్యాలీలో బండ్ల మధ్య మాటలకు ఏ ఫ్రీక్వెన్సీ వాడాలో తేల్చమని క్లబ్ ప్రెసిడెంటు నన్నే అడిగాడు. ఆయన రిటైరైన స్కూల్ మాస్టారు.

మూడు వారాలు కూర్చుని రూల్సన్నీ చదివాను. బండ్లలోని పాత రేడియో సెట్లు పట్టే ఫ్రీక్వెన్సీల్లో చాలావరకు ఇప్పటికీ సైన్యం వాడుతున్నవే. వాటి మీద మనం మాట్లాడకూడదు. కాబట్టి డ్రైవర్లందరికీ లైసెన్స్ అక్కర్లేని చిన్న వాకీటాకీలు, ఒక ఛానల్, అది రద్దీగా ఉంటే ఇంకొకటి అని వివరంగా మెయిల్ పెట్టాను.

మీటింగ్‌లో అది చదివి ప్రెసిడెంటు నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు.

"అసలైన జీపులో ప్లాస్టిక్ బొమ్మా? ఇన్నేళ్లుగా మా ఫ్రీక్వెన్సీ మాకుంది. ఎవరు వింటారు?" అన్నాడు ప్రెసిడెంటు.

"వినడానికే ఒక ఆఫీసుందండీ," అన్నాను.

"మీరు ఇక్కడికి కొత్త కదా."

పద్నాలుగేళ్లుగా ఇక్కడే పన్ను కడుతున్నాను, నేను కొత్త!

ర్యాలీ రోజు అందరూ ఆ పాత ఫ్రీక్వెన్సీ మీదే మాట్లాడుకున్నారు. భోజనాలకు ఆగినచోటికి, పైన యాంటెన్నాలున్న తెల్ల వ్యాన్ వచ్చింది. అందులోంచి దిగిన ఆఫీసరమ్మ, "సైన్యం వాళ్ల సంభాషణలోకి మీ మాటలు దూరుతున్నాయి. ఈ ఫ్రీక్వెన్సీ ఎవరు ఎంచుకున్నారు?" అని అడిగింది.

ప్రెసిడెంటు ఒక్క క్షణం తడుముకోలేదు. నావైపు వేలు చూపించాడు. "ఆ సంగతులన్నీ ఆయనవే."

ఒళ్లు భగ్గుమంది. నా లైసెన్సే పోవచ్చు. చుట్టూ ఉన్నవాళ్లంతా సాసేజీలు నములుతూ పళ్లేల్లోకి చూస్తున్నారు. ఫోన్‌లో ఆ మెయిల్ వెతుకుతుంటే, మా వరుసలో ఆఖరి లారీ నడిపే పెద్దావిడ, ఒకప్పటి బస్సు డ్రైవరు, లేచి నిలబడింది.

"ఆయన వద్దన్నాడు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను," అంది.

ఆఫీసరమ్మ నా మెయిల్ చదివి, క్లబ్‌కి హెచ్చరిక రాసిచ్చి, అందినట్టు ప్రెసిడెంటు చేత సంతకం పెట్టించుకుని వెళ్లింది. ఆయన నా భుజం తట్టి, "మనసులో పెట్టుకోకండి," అన్నాడు. పెట్టుకోకుండా ఎలా ఉంటాను?

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "అందరి ముంగట వేలు చూపెట్టిండు గదా. అందరి ముంగటనే తప్పయిందని చెప్పమను," అంది.

తర్వాతి మీటింగ్‌లో లేచి అదే అడిగాను. "చిన్న అపార్థం," అన్నాడాయన. "అపార్థం కాదు, అబద్ధం," అన్నాను. ఆయన తప్పు ఒప్పుకునేదాకా కూర్చోలేదు. చివరికి బల్లవైపు చూస్తూ క్షమించమన్నాడు.

క్లబ్ మానలేదు. ఆ బండ్లంటే నాకు ప్రాణం. ఆయన పలకరిస్తే పలుకుతాను, అంతే. కోపం మాత్రం తగ్గలేదు.