మూడు గంటల్లోపు మెకానిక్కు మాట

లిఫ్టు మెకానిక్కుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. పాతికేళ్లుగా ఊళ్లో ఎత్తైన భవనాల లిఫ్టులు సగం ఆయన చేతుల మీదే నడుస్తున్నాయి. తలుపు ఇరుక్కున్నా, కేబిన్ రెండంతస్తుల మధ్య ఆగిపోయినా మొదటి ఫోను ఆయనకే వస్తుంది. వచ్చీ రాగానే అక్కడున్నవాళ్లని నాలుగు తిట్టి, ఆ తర్వాత పనిముట్ల సంచి తెరుస్తాడు. మనిషి భారీ. పొట్ట ఆయనకంటే ఒక అడుగు ముందు గదిలోకి వస్తుందని భార్య అంటుంది. ఆవిడ కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఏదైనా ఉన్నదున్నట్టు చూసి, చూసింది చూసినట్టు చెప్పడం ఆవిడకు అలవాటు.

అలాంటి మనిషిని పిలిచి, ఎండాకాలం సెలవుల్లో చర్చి యూత్‌ని చూసుకోమన్నారు పాస్టరుగారు. ఆయన్నే ఎందుకు పిలిచారంటే, ఇంకెవరూ దొరకలేదు. రెండేళ్లలో ముగ్గురు యూత్ లీడర్లు మారారు. ఒకాయన పెళ్లి చేసుకుని వెళ్లిపోయాడు. ఒకాయన పై చదువులకు వెళ్లాడు. మూడో ఆయన ఎందుకు వెళ్లాడో ఎవరికీ చెప్పలేదు. ముగ్గురూ వచ్చిన రోజున పిల్లలకు ఒకే మాట చెప్పారు, మీతోనే ఉంటామని. నలభై మంది వచ్చే కూడికకు ఇప్పుడు నలుగురు వస్తున్నారు. రెండు నెలలపాటు శనివారం సాయంత్రాలు గది తాళం తీసి, ప్రార్థన చేయించి, మళ్లీ తాళం వేస్తే చాలనీ, ఈలోగా కొత్త మనిషిని వెతుకుతాననీ అన్నారు పాస్టరుగారు.

మెకానిక్కు కాదనలేక ఒప్పుకున్నాడు. నెత్తిమీద టన్ను బరువు వేలాడుతున్నా బెదరని మనిషికి, నలుగురి ముందు నిలబడి మాట్లాడాలంటే మాత్రం గొంతు తడారిపోతుంది. పదిహేనేళ్ల కిందట చర్చిలో, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచి, "ప్రభువుకి స్తోత్రం" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. అలాగే వెళ్లి కూర్చున్నాడు. చుట్టాలు నలుగురు కలిస్తే ఇప్పటికీ ఆ ముచ్చట చెప్పుకుని నవ్వుకుంటారు.

మొదటి శనివారం వెళ్లాడు. చర్చి వెనక గది, ప్లాస్టిక్ కుర్చీలు, మూలన చుట్టిపెట్టిన పాత బ్యానర్లు, ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల. వచ్చిన నలుగురిలో ఒకతె ఆయన అన్నగారి కూతురు. ఆ పిల్ల బాబాయ్ అని పిలిచేసరికి ఇద్దరు మగపిల్లలూ అదే పిలుపు అందుకున్నారు. మిగిలిన అమ్మాయి మాత్రం సార్ అంది. పదహారేళ్లుంటాయి, సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఎవరేం చెప్పినా అడ్డు ప్రశ్న వేస్తుందని పిల్లలు ఆమెకు లాయరమ్మ అని పేరు పెట్టారు.

మెకానిక్కు జేబులోంచి కాగితం తీశాడు. మాట నిలబెట్టుకోవడం గురించి ఇంట్లో కూర్చుని రెండు పేజీలు రాసుకొచ్చాడు. రెండో వాక్యం చదువుతుండగానే లాయరమ్మ చెయ్యెత్తింది.

"సార్, మీరు సెలవుల వరకేనట కదా. తర్వాత ఉంటారా?"

ఎగతాళిగా అడిగి ఉంటే నాలుగు తిట్టేవాడు. ఆ పిల్ల నిజంగానే అడిగింది. ఆయన చూపు ఎక్కడ పెట్టాలో తెలియక గోడవైపు చూశాడు. అక్కడ ఎవరో అంటించిన పోస్టరు ఉంది. ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు, సెలవుల్లో చివరి శనివారం ఉదయం. అది చూస్తూ ఉండగానే నోరు జారింది.

"ఇదిగో, ఈ పరుగు నేను పూర్తి చేస్తా. చేస్తే అప్పుడు నమ్ముతావా, నా మాట మాటేనని?"

అన్నగారి కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మగపిల్లలిద్దరూ పడీ పడీ నవ్వారు. లాయరమ్మ నవ్వలేదు. పోస్టరు దగ్గరికి వెళ్లి కింద చిన్న అక్షరాలు చదివి వచ్చి, మూడు గంటల్లోపు రాకపోతే పూర్తిచేసినట్టు లెక్కలోకి తీసుకోరని గుర్తు చేసింది.

ఇంటికెళ్లి సంగతి చెబితే, భార్య చేస్తున్న పని ఆపి ఆయన్ని కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది. "పరిగెడతారా? మీరా? ఎవరైనా వెంటపడి తరిమితేనా?" అంది. మళ్లీ పనిలో పడింది.

ఆయనకు పౌరుషం వచ్చింది. కానీ ఆ పొట్టతో నలుగురూ చూస్తుండగా వీధిలో పరిగెత్తడమంటే సిగ్గు. అందుకని ఎవరి కంటా పడకుండా తనకు తెలిసిన చోటే సాధన మొదలుపెట్టాడు. పనికి వెళ్లిన ప్రతి భవనంలోనూ మెట్లెక్కడం. మిద్దె మీద లిఫ్టు మోటారు గదిలో బావమరిది కాచుకుని ఉండేవాడు. అతను ఇరవయ్యేళ్లుగా ఆయనకు పనిలో జోడీ. బక్కపలచని మనిషి, మాట తక్కువ. బావగారు రొప్పుతూ పైకి చేరేసరికి మంచినీళ్ల సీసా అందించేవాడు. దిగడం మాత్రం లిఫ్టులోనే. బాగుచేసిన లిఫ్టు నడుస్తుందో లేదో ఎలాగూ చూడాలి కదా. మూడు వారాలు తిరిగేసరికి పదహారంతస్తులు ఎక్కడా ఆగకుండా ఎక్కేస్తున్నాడు. ఛాతీ విరుచుకుని పిల్లలకు కబురు పెట్టాడు, రేపు పొద్దున ఆరింటికి వచ్చి తన పరుగు చూసుకోమని.

నలుగురూ వచ్చారు. బావమరిది నీళ్ల సీసాలు తగిలించుకుని సైకిలు మీద వచ్చాడు. మెకానిక్కు బయలుదేరడం బాగానే బయలుదేరాడు. రెండో కిలోమీటరు దాటకుండానే కళ్లు బైర్లు కమ్మి, ఒక దీపస్తంభాన్ని కౌగిలించుకుని నిలబడ్డాడు. మూడు వారాలూ ఆయన నేర్చుకున్నది పైకి ఎక్కడం. రోడ్డు పైకి పోదు, ముందుకు పోతుంది. ఎంతకీ అయిపోదు.

"బావా, మెట్లయితే ఎప్పుడో ఒకప్పుడు మిద్దె వస్తుంది. ఇక్కడ రాదు," అన్నాడు బావమరిది. అతను అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

ఆ సాయంత్రం కూడికలో మెకానిక్కు కాగితం తియ్యలేదు. పరువు ఎలాగూ పోయింది, ఇంక దాచుకోవడానికి ఏముంది అనుకున్నాడు. కుర్చీలో కూర్చుని, నేలవైపు చూస్తూ తన పని సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. పంతొమ్మిదేళ్లప్పుడు తనకు పని నేర్పిన పెద్ద మేస్త్రి మొదటిరోజే ఒక నియమం పెట్టాడట. లిఫ్టు కేబిన్ పైన ఒకడు ఉంటాడు, మోటారు గదిలో ఒకడు ఉంటాడు. ఒకరికొకరు కనపడరు. స్విచ్చి మీద చెయ్యి వేసే ముందు, మిద్దె మీద మోటారు గదిలో ఉన్న పైవాడు "ఉన్నావా?" అని అరవాలి. కేబిన్ మీదున్న కిందివాడు "ఉన్నా" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా పైవాడు వేలు కదపకూడదు. రెండోసారి అడగకూడదు. గంటైనా సరే, అలా ఎదురుచూడాల్సిందే.

"నేనొకసారి ఎదురుచూడలేదు. కోపంలో ఉన్నా. అడిగాను గానీ జవాబు వినకుండా స్విచ్చి వేశాను," అన్నాడు. బావమరిది ఎడమచేతి చిటికెనవేలు పై కణుపు ఆరోజే పోయింది.

సైకిలుకి తాళం వేసి అప్పుడే లోపలికి వచ్చిన బావమరిదిని చూసి, అంత జరిగాక కూడా ఈయనతో ఎలా పనిచేస్తున్నారని అడిగింది లాయరమ్మ. అది జరిగాక నెల తిరక్కుండానే మళ్లీ కేబిన్ పైకి ఎక్కాననీ, ఆ రోజు నుంచి ఈయన ఒక్కసారి కూడా జవాబు వినకుండా చెయ్యి కదపలేదనీ చెప్పాడు అతను. అది ఆ గదిలో ఆ ఏడాది జరిగిన మొదటి ప్రసంగం. ప్రసంగం చేశానన్న సంగతి మెకానిక్కుకే తెలియదు.

మర్నాటి నుంచి పిల్లలు చూడటానికి కాదు, పరిగెత్తడానికి వచ్చారు. మెకానిక్కు నియమం రోడ్డెక్కింది. ఎవరు వెనకబడినా ముందున్నవాళ్లు ఆగి "ఉన్నావా?" అని అరుస్తారు. "ఉన్నా" అని వినపడేదాకా ఎవరూ కదలరు. మొదట్లో ఆ జవాబు చెప్పే పని అంతా మెకానిక్కుదే. పరుగు అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగి, పక్కవాళ్ల కోసం ఒక్కొక్కరు ఒక్క మాట ప్రార్థన చేసి ఇళ్లకు వెళ్లేవారు. గదిలో నోరు విప్పని పిల్లలు రోడ్డు మీద రొప్పుతూ రొప్పుతూ కడుపులో ఉన్నదంతా చెప్పుకున్నారు. తప్పిన పరీక్షల గురించి, ఇంట్లో మాట్లాడుకోని అమ్మానాన్నల గురించి, దేవుడి మీద ఉన్న కోపం గురించి. మెకానిక్కుకి సమాధానాలు తెలియవు. ఊపిరాడక మాట్లాడలేడు కూడా. వినడమొక్కటే ఆయన చేతిలో ఉంది, అది చేశాడు.

నలుగురు తొమ్మిదయ్యారు, తొమ్మిది పద్దెనిమిదయ్యారు, సెలవుల చివరికి ముప్ఫై దాటారు. ఎవరైనా రెండు రోజులు రాకపోతే దండంతా వెళ్లి వాళ్ల కిటికీ కింద నిలబడి "ఉన్నావా?" అని కేకలేసేది. పొద్దున్నే ఈ గోలేమిటని ఇరుగుపొరుగు పాస్టరుగారికి ఫిర్యాదు చేశారు. ఆయన పైకి విచారంగా తల ఊపి, లోపలికి వెళ్లి నవ్వుకున్నారు.

అలా వెళ్లినప్పుడే తెలిసింది, లాయరమ్మ వాళ్ల భవనంలో రెండేళ్లుగా లిఫ్టు చచ్చి పడి ఉందని. నాలుగో అంతస్తులో ఉండే వాళ్ల అమ్మమ్మ, మోకాళ్ల నొప్పులతో చర్చి మొహం చూసి కూడా రెండేళ్లయిందట. మెకానిక్కుకి ఒళ్లు మండింది. ఆ భవనం మనుషులందరినీ వరసపెట్టి తిట్టి, మూడు సాయంత్రాలు బావమరిదితో కలిసి లిఫ్టు కిందున్న గుంటలో దిగి దాన్ని లేపాడు. ఆ ఆదివారం ముసలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని చర్చికి వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. లాయరమ్మ వచ్చి థాంక్స్ సార్ అంది. లిఫ్టు కదిలింది గానీ లాయరమ్మ కదల్లేదు. సెలవులు అయిపోయాక చూద్దాం అన్నట్టే ఉంది ఆ పిల్ల చూపు.

పరుగు రోజు వచ్చింది. తెల్లవారుతూనే వేలమంది జనం. మాట ఇచ్చింది ఆయన కాబట్టి పేరిచ్చిందీ ఆయన ఒక్కడే, పిల్లలు దారి పక్కన నిలబడి చూస్తామన్నారు. మెకానిక్కు పొట్ట కొంత తగ్గింది గానీ చొక్కా మీద నంబరు కాగితం ఇంకా నున్నగా పరుచుకునే ఉంది. పది కిలోమీటర్లు సాఫీగా నడిచాయి. పధ్నాలుగు దాకా పళ్ల బిగువున లాగాడు. పదిహేడోది పూర్తయ్యేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఎదురుగా పెద్ద వంతెన. కొండలా లేచి ఉంది. దాన్ని చూసి కుర్రకారు కూడా పరుగు మానేసి నడుస్తోంది. గడియారం రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు చూపిస్తోంది. ఆయన వంతెన మొదట్లో రెయిలింగు పట్టుకుని ఆగిపోయాడు.

ఇక్కడ కూర్చుండిపోతే ఏమవుతుంది అనుకున్నాడు. నలభై నాలుగేళ్ల మనిషి, ఇంత ఒళ్లేసుకుని పదిహేడు కిలోమీటర్లు వచ్చాడంటే మాటలా. పిల్లలు కూడా ఏమీ అనరు. ఏమీ అనరన్నదే ఆయన్ని పొడిచింది. ముగ్గురు వెళ్లిపోయినప్పుడూ ఆ పిల్లలు ఏమీ అనలేదు. వాళ్లకది అలవాటైపోయింది.

అప్పుడు వంతెన మీది నుంచి వినపడింది.

"సార్, ఉన్నారా?"

లాయరమ్మ గొంతు. తలెత్తి చూశాడు. వంతెన నడినెత్తిన, రెయిలింగు పొడుగునా ముప్ఫై ఒక్కమంది పిల్లలు వంగి చూస్తున్నారు. బావమరిది కూడా సైకిలు పట్టుకుని అక్కడే ఉన్నాడు. లాయరమ్మ మళ్లీ అరవలేదు. చుట్టుపక్కల జనం ఈలలు వేస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. ఆ ముప్ఫై ఒక్కమంది మాత్రం కిక్కురుమనకుండా, నియమం ప్రకారం, జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.

మెకానిక్కు కడుపులోంచి ఊపిరి కూడదీసుకున్నాడు. "ఉన్నా!" అని అరిచాడు.

అరిచాక ఆ వంతెనను సరిగ్గా చూశాడు. ఎక్కుడు. ఇది రోడ్డు కాదు, పైకి పోయేది. ఈ పని తనకు వచ్చు. ముందుకు వంగి, మెట్లెక్కినట్టే చిన్న చిన్న అడుగులు వేస్తూ అంతస్తులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూడో అంతస్తులో మెరిసే బూట్ల కుర్రాళ్లిద్దరిని దాటాడు. ఏడో అంతస్తులో ఒక గుంపును దాటాడు. వాళ్లు నడుస్తూ, ఈ భారీ మనిషి తమ పక్కనుంచి పరిగెత్తుకుపోవడం చూసి నోళ్లు తెరిచారు. పదహారు లెక్కపెట్టేసరికి వంతెన నెత్తిమీద ఉన్నాడు. అక్కడ బావమరిది, ఎప్పటిలాగే, నీళ్ల సీసా అందించాడు.

దిగుడులో మోకాళ్లు లబోదిబోమన్నాయి. దిగడానికి ఇక్కడ లిఫ్టు లేదు. పిల్లలు పక్క దారిలో వెంట పరిగెత్తారు. మలుపు మలుపుకీ ఒకళ్లు అడగడం, ఈయన జవాబు చెప్పడం. చివరి గీత దాటేసరికి పైన గడియారం రెండు గంటల యాభై ఏడు నిమిషాలు. పిల్లలు మీద పడి ఆయన్ని ఎత్తబోయారు, సాధ్యం కాక అందరూ కలిసి కిందపడ్డారు. భార్య కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ వచ్చింది. "ఎవరూ తరమకుండానే వచ్చేశారే," అంది, అని ఆయన భుజం మీద తల ఆనించింది. ఇంత సంతోషం తన జన్మలో ఎరగడు ఆ మనిషి.

మర్నాడు ఆదివారం. చర్చి నిండిపోయింది. వెనక బెంచీలన్నీ యూత్‌వే. పాస్టరుగారు చేతిలో కాగితంతో లేచి, మెకానిక్కు ఎండాకాలమంతా చేసిన సేవకు కృతజ్ఞతలు చెప్పారు. ఒప్పుకున్న రెండు నెలలూ పూర్తయ్యాయనీ, కొత్త లీడరు కోసం ఈ కాగితంలో పేర్లున్న ఒకరిద్దరితో మాట్లాడుతున్నాననీ, ఇప్పుడు ఆయన వచ్చి సాక్ష్యం చెబుతారనీ అన్నారు.

మెకానిక్కు కుంటుకుంటూ ముందుకు వెళ్లాడు. భార్య బలవంతాన వేసిన పతకం మెడలో ఉంది. "ప్రభువుకి స్తోత్రం," అన్నాడు. అంతే. గొంతు తడారిపోయింది. పదిహేనేళ్ల కిందటి ముచ్చట గుర్తున్నవాళ్లు తలలు దించుకున్నారు.

వెనక బెంచీలో లాయరమ్మ లేచి నిలబడింది.

"బాబాయ్," అంది. "ఉన్నావా?"

గొంతు గురించి కాదు ఆ పిల్ల అడిగింది. ఆయనకు తెలుసు. మొదటి శనివారం చెయ్యెత్తి అడిగిన ప్రశ్నే అది. రెండు నెలలుగా జవాబు కోసం ఆగి ఉంది. లాయరమ్మ కూర్చోలేదు, మళ్లీ అడగలేదు. ఆమె చుట్టూ ఉన్న పిల్లల్లో ఒక్కరూ కదల్లేదు.

"ఉన్నా," అన్నాడు మెకానిక్కు. మైకు అక్కర్లేకుండానే చర్చి అంతటికీ వినపడింది.

పాస్టరుగారు చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.