క్వాలిటీ అనలిస్ట్ మాలిక్

మాలిక్ గురించి రాసే అర్హత నాకు లేదు. అయినా రాస్తున్నాను. ఈ సిగ్గు కడుపులో పెట్టుకుంటే అరిగేలా లేదు.

దర్శిలో దూది ఏకి పరుపులు కుట్టే మాబు సాహెబ్ కొడుకతను. మా యూనివర్సిటీలో ఐటీలో ఎంటెక్ చేశాడు. నేను పాఠం చెప్పినవాళ్లలో అంత చురుకైన బుర్ర ఇంకొకటి తగల్లేదు. నేను బోర్డు దగ్గర తడబడితే, "సార్, అక్కడ ఇంకోలా చేస్తే?" అని మెల్లగా దారి చూపేవాడు, నా పరువు పోకుండా. ఇప్పుడు గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని. బస్తా అడుక్కి చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, తెల్లబారిన తాలుకాయ ఎంతుందో చెబుతాడు.

మొన్న ఆగస్టులో మా ఎంటెక్ కోర్సు ఎలా ఉందో చూడ్డానికి బయటి ప్రొఫెసర్ల బృందం వస్తోందన్నారు. రిపోర్టు రాసే పని నా నెత్తిన పడింది. పూర్వ విద్యార్థులు ఏం చేస్తున్నారు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. మాలిక్ బ్యాచ్‌లో పదకొండు మంది పాసైతే, చదివిన చదువుకు తగ్గ ఉద్యోగం చేస్తున్నది ఇద్దరే. పెన్ను ఎంతోసేపు ఆగలేదులెండి. మాలిక్ పేరు పక్కన "క్వాలిటీ అనలిస్ట్, ఎగుమతుల సంస్థ" అని రాసేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

వచ్చి బృందంతో మాట్లాడమని ఫోన్ చేశాను. ఏమని రాశానో చెబితే నవ్వాడు.

"అబద్ధమేం కాదులెండి సార్. నేను చూసేది క్వాలిటీయేగా."

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎంత ఉతికినా పోని మిర్చి ఘాటుకు బృందంలోని పెద్దావిడ రెండుసార్లు తుమ్మారు. "ఈ కోర్సు మీకు ఉపయోగపడిందా?" అని అడిగారు. మాలిక్ నావైపు చూశాడు. నేను బల్ల మీది బిస్కెట్ల ప్లేటు వైపు చూశాను.

"మా సార్ చాలా బాగా చెప్పేవారండి" అన్నాడు.

అడిగినదానికి అది జవాబు కాదు. ఆవిడ మాత్రం తలూపి రాసుకున్నారు.

వాళ్ల కారు వెళ్లాక గేటు దాకా అతనితో నడిచాను. "మా దగ్గర బస్తాలో పైకాయ చూసి ఎవరూ గ్రేడు వెయ్యరు సార్" అన్నాడు, నవ్వుతూనే. దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు.

గేటు దగ్గర అతనే ఆగాడు.

"మా చెల్లి అనీసా ఈ కోర్సులోనే చేరతానంటోంది సార్. అన్న చదివాడుగా అంటుంది. మీరు చెప్పండి, చేర్పించమంటారా?"

నలభై పేజీల రిపోర్టులో ఇంత సూటి ప్రశ్న ఒక్కటి లేదు. చేర్పించు అనబోయాను కూడా. అతని మొహంలో ఇంకా నా మాట మీద నమ్మకం ఉంది.

"వద్దు మాలిక్" అన్నాను చివరికి.

అతను తలూపాడు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నేనూ అప్పుడు మిమ్మల్నే అడిగాను సార్. కళ్లు మూసుకుని చేరమన్నారు. మరి నాకెందుకు వద్దని చెప్పలేదు?"

"ఆ ఏడాది సీట్లు నిండకపోతే నా ఉద్యోగం పోయేది" అన్నాను.