మాస్టారి గాజుల పాఠం

మా ఫిజిక్స్ మాస్టారు పోయారని బందరు నుంచి ఫోన్ వచ్చింది. బాగా ఏడ్చాను. ఏడుస్తూనే కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్లు దాచుకున్న కోపం ఇక ఎవరి మీద చూపించను?

తొంభైల్లో ఆయన మాకు డిగ్రీలో పాఠాలు చెప్పేవారు. క్లాసులోకి రాగానే చొక్కా అంచుతో కళ్లజోడు తుడుచుకుంటూ, "ఏమ్మా, నిన్నటి సందేహం తీరిందా, ఇంకా ఉందా?" అనేవారు. ఆడపిల్లల్ని లేపి మరీ ప్రశ్నలు అడగమన్న మనిషి నాకు ఆయనే మొదలు.

ఒకరోజు భూకంపాల పాఠం. భూమి లోతున, మాంటిల్ అనే రాతి పొర అడుగున, కొన్నిచోట్ల భూకంపపు అలలు నెమ్మదిస్తాయనీ, అక్కడ వేడి ఎక్కువ కావడమే కారణమనీ చెప్పారు. మాది చిలకలపూడిలో కవరింగ్ నగలు చేసే ఇల్లు. చేతి గాజులు రెండు తీసి బల్ల మీద మోగించాను.

"ఇది రాగి మీద పూతండీ, ఇది ఇత్తడి మీద. పైకి రెండూ ఒకటే, వేడీ ఒకటే. మోత వేరు. అక్కడ కూడా రాయిలోనే తేడా ఉండొచ్చు కదండీ?"

ఆయన గాజులు అడిగి తీసుకెళ్లారు. మర్నాడు మొహం వెలిగిపోతూ వచ్చారు. "నిజమేనమ్మా! ఖనిజంలో ఇనుము పాలు పెరిగితే బరువెక్కుతుంది, అల నెమ్మదిస్తుంది. వేడి ఒక్కటే కారణం కాదు. గుడివాడ టీచర్ల సభలో మనిద్దరం చెబుదాం. గాజులు నువ్వే మోగించాలి."

కొత్త ఓణీ వేసుకుని వెళ్లాను. వేదిక మీదకు నన్ను పిలవలేదు. "మా ఆవిడ గాజులు గట్టు మీద పెడుతుంటే తట్టింది నాకు," అని ఆయనే మోగించారు. ఒకటే చప్పట్లు. ముందు వరసలో బోసి చేతులతో కూర్చున్నాను.

తిరిగొచ్చేటప్పుడు పామర్రులో బస్సు ఆగితే మిరపకాయ బజ్జీలు కొనిచ్చారు. "టైం లేదమ్మా, ఏమనుకోకు."

"పర్లేదండీ," అన్నాను. పర్లేకపోవడమేమిటి? ప్రశ్న అడిగే ధైర్యం ఇచ్చింది ఆయనే, అడిగిన ప్రశ్నను పట్టుకుపోయిందీ ఆయనే. నా గాజులూ తిరిగివ్వలేదు.

సంతాప సభలో ఆయన శిష్యుడొకడు, ఇప్పుడు లెక్చరరు, ఆ గాజులే మోగించి, "ఇలాంటి ఆలోచన మా మాస్టారికే వస్తుందండీ," అన్నాడు. అందరూ చూస్తారని వరసల్లోకి పంపాడు. చేతులు మారి నా దగ్గరికొచ్చాయి. పూత మొత్తం పోయింది. ఏది రాగో, ఏది ఇత్తడో ఇప్పుడు మోగించకుండానే తెలుస్తోంది. తొడుక్కోబోయాను. ఎక్కలేదు. పక్కావిడకు అందించాను.